ద్రౌపది ముర్ము గారు గెలుస్తారు సరే, మన అర్జీ ఎవరు రాస్తారు?



మొన్న మంగళవారం సాయంత్రం పుంగనూరు దగ్గర మా యానాది కాలనీలో గట్టి వాదన జరిగింది. టీవీలో ద్రౌపది ముర్ము గారిని చూపిస్తున్నారు. మంగళగిరిలో ముఖ్యమంత్రి జగన్ గారు సన్మానం చేస్తున్నారు. కాసేపటికే విజయవాడలో చంద్రబాబు గారు కూడా ఆమెకు నమస్కారం పెడుతున్నారు. మా మామ ఒకాయన లేచి నిలబడి, "చూడ్రా, మన జాతి ఆడబిడ్డ ముందర ఇద్దరూ నిలబడి ఉండారు. ఇంక మనకేం తక్కువ?" అన్నాడు. కుప్పం నుంచి చుట్టపుచూపుగా వచ్చిన తమ్ముడు ఊరుకోలేదు. "గ్యాస్ బండ వెయ్యి దాటింది మామా. ఆయమ్మ వస్తే తగ్గుతాదా? ఇట్లాంటి టైంలో ఆ పార్టీ నిలబెట్టిన మనిషికి ఓట్లెట్ల పడతాయి?" అన్నాడు.

మా అవ్వ మాత్రం ఒకటే అడిగింది. "ఆయమ్మ వస్తే మన ఇంటిజాగా పట్టా వస్తాదా?"

రేపు సోమవారం, జూలై 18న పోలింగ్. వారం నుంచి మన గ్రూపుల్లో కూడా ఇదే రచ్చ. గెలుస్తారా, ఓడతారా, ధరలు ఇట్లా మండుతుంటే ఆ ప్రభావం పడుతుందా అని. ఒకరు సంబరం పోస్టులు పెడుతున్నారు, ఇంకొకరు వాళ్లను తిడుతున్నారు. నేను డిగ్రీలో చదివింది పొలిటికల్ సైన్సే కాబట్టి ముందు లెక్క చెబుతా. తర్వాత అవ్వ ప్రశ్నకు వస్తా. అసలు ప్రశ్న ఆమెదే.

రాష్ట్రపతి ఎన్నికలో మనకు ఓటు లేదు. ఎంపీలు, ఎమ్మెల్యేలు వేస్తారు. అన్ని ఓట్లకూ ఒకే విలువ ఉండదు. ఎంపీ ఓటు విలువ ఈసారి 700. మన ఆంధ్రప్రదేశ్ ఎమ్మెల్యే ఓటు విలువ 159. తెలంగాణలో 132, ఉత్తరప్రదేశ్‌లో 208, సిక్కింలో 7. ఈ విలువలు కట్టింది ఇప్పటి జనాభాతో కాదు, 1971 జనాభా లెక్కలతో. కుప్పం ఎమ్మెల్యే చంద్రబాబు గారు, పుంగనూరు ఎమ్మెల్యే పెద్దిరెడ్డి రామచంద్రారెడ్డి గారు, మదనపల్లె ఎమ్మెల్యే నవాజ్ బాషా గారు, ముగ్గురివీ కలిపితే 477. మన మూడు ఊళ్ల జనం మొత్తం ఆ 477లో ఉన్నారన్నమాట.

దేశం మొత్తం మీద ఓట్ల విలువ 10,86,431. సగం దాటితే గెలుపు. ఎన్డీఏకు సొంతంగా సగానికి కాస్త తక్కువ ఉండింది. మన రాష్ట్రంలో 175 మంది ఎమ్మెల్యేల విలువ 27,825. లోక్‌సభ 25, రాజ్యసభ 11, మొత్తం 36 మంది ఎంపీల విలువ 25,200. రెండూ కలిపితే 53,025. వైసీపీ ముందే మద్దతు చెప్పింది. టీడీపీ ఈ సోమవారం చెప్పింది. ఒడిశాలో నవీన్ పట్నాయక్ గారి బీజేడీ మొదటి రోజే చెప్పింది. యశ్వంత్ సిన్హా గారిని నిలబెట్టిన కూటమిలోనే ఉన్న జార్ఖండ్ ముక్తి మోర్చా కూడా గురువారం ముర్ము గారి వైపే వచ్చింది. సిన్హా గారికి మన తెలుగు నేల మీద గట్టి అండ అంటే టీఆర్ఎస్ ఒక్కటే.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, గెలుపు మీద పందేలు కాయొద్దు. ఆమె గెలుస్తారు. అనుమానం లేదు.

ధరల వల్ల ఓట్లు తగ్గుతాయి కదా అంటారా? తగ్గవు. గ్యాస్ బండ ఈ నెల 6న ఇంకో 50 రూపాయలు పెరిగింది. ఏప్రిల్‌లో ద్రవ్యోల్బణం 7.79 శాతం, ఎనిమిదేళ్లలో అంత ఎప్పుడూ లేదు. డాలర్ 80 రూపాయల అంచున ఉంది. ఇంకో సంగతి గమనించారా? రేపు వాళ్లు ఢిల్లీలో, వెలగపూడిలో ఓట్లు వేసే రోజే ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం, పిండి, పెరుగు మీద 5 శాతం జీఎస్టీ మొదలవుతుంది. మన పని చూస్తే, ఉపాధి హామీ కూలి ఈ ఏడాది 257 రూపాయలు. అదీ కొలతల మీద. మదనపల్లె మార్కెట్లో టమాటా ఎక్కినా దిగినా బుట్టలు మోసేవాడి కూలి అదే. కుప్పం నుంచి తెల్లారకముందే రైలెక్కి బెంగళూరు బిల్డింగ్ పనులకు పోయేవాళ్లను అడగండి, నెలాఖరుకు చేతిలో ఎంత మిగులుతోందో.

ఇదంతా నిజమే. కానీ ఈ ఎన్నికలో ఓటు వేసేవాళ్లు ఎవరూ గ్యాస్ బండ ధర చూసి వేయరు. పార్టీ చెప్పింది చూసి వేస్తారు. పక్కనే శ్రీలంకను చూడండి. పెట్రోలు లేక, మందుల్లేక జనం ఈ నెల 9న అధ్యక్షుడి భవనంలోకి నడిచి వెళ్లారు. గొటబయ దేశం వదిలి పారిపోయి రాజీనామా పంపించాడు. అంత పని చేసింది జనం. మరి కొత్త అధ్యక్షుణ్ని ఎవరు ఎన్నుకుంటారు? 20వ తేదీన 225 మంది పార్లమెంటు సభ్యులు. వీధిలోకి వచ్చినవాళ్లకు అక్కడా ఓటు లేదు. సంక్షోభం కుర్చీని ఖాళీ చేయించగలదు, అందులో ఎవరు కూర్చోవాలో మాత్రం లోపల ఉన్నవాళ్ల లెక్కే తేలుస్తుంది.

సిన్హా గారు తాను రబ్బరు స్టాంపు కానని అంటున్నారు. మాట మంచిదే. కానీ ఆర్థిక కష్టంలో పేదోడి పక్కన నిలబడే మనిషి ఆయనే అని కొందరు మిత్రులు రాస్తున్నారు, దానికొక్క మాట. 1991లో దేశం బంగారం విదేశాలకు పంపి డాలర్లు తెచ్చుకున్నప్పుడు ఆర్థిక మంత్రి ఆయనే. వాజ్‌పేయి ప్రభుత్వంలోనూ ఆర్థిక మంత్రిగా చేశారు. తప్పు పట్టడానికి కాదు, ఎవర్నీ దేవుణ్ని చేయొద్దని చెబుతున్నా.

ఇప్పుడు మా మామ మాట. "మన జాతి బిడ్డ కాబట్టి అందరూ మద్దతిచ్చారు" అంటున్నాడు. మామా, పదేళ్ల కిందటి సంగతి మర్చిపోయినావు. 2012లో కూడా ఒక ఆదివాసీ రాష్ట్రపతిగా పోటీ చేశాడు. మేఘాలయ గారో తెగ బిడ్డ, లోక్‌సభ స్పీకర్‌గా చేసిన పి.ఎ. సంగ్మా. ఒక ఆదివాసీ రాష్ట్రపతి కావాలని ఊరూరా తిరిగి అడిగాడు. అప్పుడు మన రాష్ట్రంలో ఏం జరిగింది? కాంగ్రెస్ ఎలాగూ ప్రణబ్ ముఖర్జీదే. వైసీపీ కూడా ప్రణబ్‌కే వేసింది. టీడీపీ అసలు ఓటింగ్‌కే దూరంగా ఉండిపోయింది. సంగ్మా ఓడిపోయాడు. ఆయన ఆదివాసీ కాదా? అప్పుడు గుర్తుకు రాని ఆదివాసీ ఇప్పుడెందుకు గుర్తొచ్చాడు? ఢిల్లీలో ఎవరితో అవసరం ఉందో వాళ్ల అభ్యర్థికి వేస్తారు. మన జాతి పేరు ఆ ఓటుకు కట్టిన పూలదండ, అంతే.

ఇంకో పక్క నుంచి చూడండి. కుప్పం, పుంగనూరు నాయకులు ఏ విషయంలోనూ ఒకటి కారు. వాళ్ల కోసం మన కాలనీ పిల్లలే జెండాలు కట్టి, ఒకరి తలలు ఒకరు పగలగొట్టుకుంటారు. పైవాళ్లు ఒకే అభ్యర్థికి ఓటేస్తున్న రోజున కూడా కింద మనం కొట్టుకుంటూనే ఉన్నాం. దీని గురించి ఒకసారి ఆలోచించండి.

అయితే రాష్ట్రపతి ఎవరైతే మనకేంటి, అది ఉత్సవ విగ్రహం అనేవాళ్ల మాట కూడా నేను ఒప్పుకోను. ఇక్కడ కొంచెం ఓపిక పట్టి చదవండి.

1969కి పోదాం. అప్పుడూ దేశంలో కష్టకాలమే. 1965 నుంచి వరుస కరువులు, 1966లో రూపాయి విలువ తగ్గింపు, అమెరికా గోధుమల మీద బతుకు. ఆ ఏడాది జూలై 19న 14 బ్యాంకుల్ని జాతీయం చేశారు. ఆ ఆర్డినెన్స్ మీద తాత్కాలిక రాష్ట్రపతిగా సంతకం పెట్టిన వి.వి. గిరి మర్నాడే రాజీనామా చేసి రాష్ట్రపతి పదవికి పోటీకి దిగారు. ఎదురుగా కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి నీలం సంజీవరెడ్డి, మన పక్కనే అనంతపురం జిల్లా ఇల్లూరు మనిషి. ఇద్దరూ తెలుగువాళ్లే. ఇందిరాగాంధీ అంతరాత్మ ప్రబోధం మేరకు ఓటేయమన్నారు. ఆగస్టులో రెండో ప్రాధాన్యం ఓట్లు లెక్కిస్తే గానీ తేలలేదు. గిరి 4,20,077, సంజీవరెడ్డి 4,05,427. అప్పటి పేపర్లన్నీ ఎవరు గెలుస్తారనే దాని చుట్టూ తిరిగాయి.

అదే ఏడాది శ్రీకాకుళం మన్యంలో ఏం జరుగుతోంది? సవరలు, జాతాపులు షావుకార్ల చేతిలో పోయిన భూముల కోసం లేచారు. 1967లో లేవిడి దగ్గర మొదలైన నెత్తురు అప్పటికీ ఆగలేదు. దాని తర్వాత ఆరునెలలకు, 1970 ఫిబ్రవరిలో, 1/70 చట్టం వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి కూడా గిరిజనుడికి తప్ప ఇంకెవరికీ మారకూడదని చెప్పే చట్టం. మనందరికీ నోటికొచ్చిన నంబరు. అది అసెంబ్లీ చేసిన చట్టం కాదు. ఐదో షెడ్యూల్ కింద గవర్నర్ చేసిన రెగ్యులేషన్. అలాంటి రెగ్యులేషన్‌కు రాష్ట్రపతి ఆమోదం లేకపోతే ప్రాణం రాదు. అప్పుడు రాష్ట్రపతి భవన్‌లో ఉన్నది గిరి గారే.

అంటే రాష్ట్రపతి సంతకం మన బతుకుల్ని మార్చగలదు, మార్చింది కూడా. కానీ ఆ సంతకం గిరి గారు మంచివారు కాబట్టి రాలేదు. కొండల్లో మనవాళ్లు లేచారు కాబట్టి కాగితం ఆయన బల్ల మీదికి వెళ్లింది. సంజీవరెడ్డి గెలిచి ఉన్నా ఆ కాగితం వెళ్లేది. 1977లో అదే సంజీవరెడ్డి గారు ఏకగ్రీవంగా రాష్ట్రపతి అయ్యారు. మన సీమ బిడ్డే. సీమ కరువు పోయిందా? మీరే చెప్పండి.

దళిత సోదరుల అనుభవం కూడా ఇదే. రామ్‌నాథ్ కోవింద్ గారు రాష్ట్రపతిగా ఉండగానే 2018 మార్చిలో సుప్రీంకోర్టు తీర్పుతో ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం నీరుగారింది. దాన్ని నిలబెట్టింది ఏప్రిల్ 2 భారత్ బంద్. ఆగస్టుకల్లా పార్లమెంటు సవరణ చేసింది, అప్పుడు కోవింద్ గారు సంతకం చేశారు. ముందు వీధి, తర్వాతే సంతకం.

ముర్ము గారి గురించి కూడా నిజాయితీగా మాట్లాడుకుందాం. మయూర్‌భంజ్ జిల్లా ఉపర్‌బేడ అనే ఊరి సంతాల్ ఆడబిడ్డ. చదువుకుని గుమాస్తాగా చేసి, బడిలో పాఠాలు చెప్పి, 1997లో కౌన్సిలర్‌గా మొదలైంది. 2017లో జార్ఖండ్ గవర్నర్‌గా ఉన్నప్పుడు సొంత పార్టీ ప్రభుత్వమే పంపిన భూచట్టాల సవరణ బిల్లుల్ని వెనక్కి పంపారు. ఛోటానాగ్‌పూర్, సంతాల్ పరగణా కౌలు చట్టాలు అక్కడి మనవాళ్లకు 1/70 లాంటివి. వాటి జోలికి రానీయలేదు. ఇది చిన్న విషయం కాదు, గుర్తుపెట్టుకోవాలి. కానీ అప్పుడు కూడా రాంచీ వీధుల్లో ఆదివాసులు నెలల తరబడి నిలబడి ఉన్నారు. ఆమె గవర్నర్‌గా ఉన్న కాలంలోనే ఖూంటీలో పత్థల్‌గడి రాళ్లు పాతిన ఆదివాసుల మీద అక్కడి ప్రభుత్వం దేశద్రోహం కేసులు పెట్టింది. రెండూ నిజమే. ఒకటి చెప్పి ఇంకొకటి దాచితే మనల్ని మనమే మోసం చేసుకున్నట్టు.

మరి అవ్వ ప్రశ్నకు జవాబేంటి? అవ్వకు నేనిలా చెప్పా. "ఆయమ్మ వస్తే పట్టా రాదవ్వా. మనం అడిగితే, ఆయమ్మ కూడా అడిగితే రావచ్చు."

నాకు కుల ధ్రువీకరణ పత్రం కోసం ఒక ఆఫీసు చుట్టూ ఏడు నెలలు తిరిగిన రోజులు గుర్తున్నాయి. "ఇక్కడ ఆదివాసులు యాడుండారు? ఆదివాసులంటే అడవిలో ఉంటారు గదా" అన్నాడొకాయన, నవ్వుతూ. పాత చిత్తూరు జిల్లాలో మన యానాదులు, ఎరుకలవాళ్లు, సుగాలీలు చెరువు కట్టల మీద, మామిడి తోటల కాపలా గుడిసెల్లో, తండాల్లో ఉన్నారు. ఇక్కడ షెడ్యూల్డ్ ఏరియా లేదు. 1/70 వర్తించదు. రాష్ట్రంలో ఎస్టీలకు ఉన్న ఏడు అసెంబ్లీ సీట్లలో ఒక్కటీ మన వైపు లేదు. ఏప్రిల్‌లో మదనపల్లె అన్నమయ్య జిల్లాకు పోయింది, పుంగనూరు, కుప్పం చిత్తూరులోనే ఉన్నాయి. ఏ జిల్లాలో ఉన్నా మనం ఆఖరి వరసే. అందుకే మన కోరికలు స్పష్టంగా ఉండాలి. నాకు తోచినవి మూడు.

ఒకటి, అటవీ హక్కులు. ముర్ము గారి పేరు ప్రకటించింది జూన్ 21న. సరిగ్గా వారానికి, జూన్ 28న, కేంద్రం కొత్త అటవీ సంరక్షణ నిబంధనలు తెచ్చింది. ఇంతకుముందు అడవిని కంపెనీకి ఇవ్వాలంటే ముందు గ్రామసభ ఒప్పుకోవాలి. ఇప్పుడు కేంద్రం ముందే అనుమతి ఇచ్చేస్తుంది, మన హక్కుల సంగతి తర్వాత రాష్ట్రం చూసుకుంటుందట. ఇల్లు అమ్మేసి తర్వాత ఇంట్లోవాళ్లను అడగడం లాంటిది ఇది. 2006 అటవీ హక్కుల చట్టం షెడ్యూల్డ్ ఏరియాకే కాదు, కౌండిన్య అభయారణ్యం అంచున ఉన్న మన పలమనేరు, కుప్పం పల్లెలకూ వర్తిస్తుంది. రాష్ట్ర అటవీ శాఖ మంత్రి మన పుంగనూరు ఎమ్మెల్యేనే. ఢిల్లీ దాకా పోకముందే అర్జీ పెట్టే గుమ్మం మన ఊళ్లోనే ఉంది.

రెండు, జీవో 3. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచరు ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకే అని 2000లో వచ్చిన జీవో. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేసింది. పాడేరు, రంపచోడవరం పిల్లల ఉద్యోగాలు పోయాయి. దానికి దారి మళ్లీ ఐదో షెడ్యూల్లోనే వెతకాలి. గవర్నర్ రెగ్యులేషన్ చేసి పంపితే రాష్ట్రపతి ఆమోదించవచ్చు, 1/70కి జరిగినట్టే. ముర్ము గారికి ఓటేస్తున్న మన రెండు పార్టీలూ దీని కోసం ఒక్క కాగితం కలిసి రాయగలవా? మంగళగిరిలో శాలువా కప్పినప్పుడు ఆ కాగితం కూడా చేతిలో పెట్టి ఉంటే ఎంత బాగుండేది!

మూడు, నిర్వాసితులు. నేను ఇది రాస్తున్నప్పుడే గోదావరి ముంచేస్తోంది. నిన్న భద్రాచలం దగ్గర నీళ్లు 71 అడుగులు దాటాయి, 1986 తర్వాత ఇంత వరద లేదు. కూనవరం, వి.ఆర్.పురం, చింతూరు, ఎటపాకల్లో మన కోయ, కొండరెడ్డి జనం గుట్టల మీదికెక్కి కూర్చున్నారు. పోలవరం పునరావాసం ఇంకా పూర్తి కాలేదు. రెండు వారాల కిందట భీమవరంలో అల్లూరి విగ్రహం పెట్టారు, సంతోషం. అల్లూరి పేరు పెట్టిన జిల్లాలోనే ఇవాళ మనవాళ్లు నీళ్ల మధ్యలో ఉన్నారు. ఆ మండలాలను చూడటానికి రమ్మని కొత్త రాష్ట్రపతికి మనం రాయాలి. గవర్నర్లు షెడ్యూల్డ్ ప్రాంతాల పాలన మీద ఏటా రాష్ట్రపతికి నివేదిక పంపాలని రాజ్యాంగమే చెబుతోంది. ఆ నివేదికల్లో మన ఊళ్ల గురించి ఏం రాశారో బయటపెట్టమని ఆమె అడగవచ్చు.

ఇవేవీ గొంతెమ్మ కోరికలు కావు. కె.ఆర్. నారాయణన్ గారు 1997లో ఉత్తరప్రదేశ్‌లో రాష్ట్రపతి పాలన సిఫార్సును వెనక్కి పంపారు. 2001 గణతంత్ర దినోత్సవానికి ముందు రోజు ఆదివాసుల బతుకులు కూల్చి కట్టే అభివృద్ధి గురించి దేశాన్ని హెచ్చరించారు. ఆ కుర్చీలో కూర్చుని నోరు తెరవొచ్చు. ఒక కాగితాన్ని ఆపొచ్చు, మళ్లీ ఆలోచించమనొచ్చు. మన వైపు నుంచి ఆ బల్ల మీదికి కాగితం పోకపోతే ఆమె మాత్రం దేన్ని పట్టుకుని అడుగుతారు?

అందుకే మిత్రులారా, గురువారం ఫలితం వచ్చినప్పుడు సంతోషపడండి. నేనూ పడతాను. రాష్ట్రపతి భవన్‌లో ఒక సంతాల్ ఆడబిడ్డ అడుగు పెడుతుంటే మా అవ్వ పక్కన కూర్చుని టీవీ చూస్తా. బడిలో "మీరు ఏమిట్లోళ్లు?" అని అడిగించుకున్న ప్రతి పిల్లకూ అది ఒక ధైర్యం. దాన్ని వెక్కిరించే హక్కు ఎవరికీ లేదు. సంబరం చేసుకున్నవాణ్ని "అమ్ముడుపోయినావు" అని, ప్రశ్న అడిగినవాణ్ని "జాతి ద్రోహి" అని మన గ్రూపుల్లో తిట్టుకోవడం మాత్రం ఆపండి.

శుక్రవారం పొద్దున ఒక పని చేద్దాం. మదనపల్లె, పుంగనూరు, కుప్పం, ఏ ఊరి కాలనీ వాళ్లయినా, ఏ తండా వాళ్లయినా సరే. పట్టా లేని ఇళ్లు ఎన్ని, కుల పత్రం అందని పిల్లలు ఎంతమంది, అటవీ హక్కుల దరఖాస్తు పెట్టి జవాబు రానివాళ్లు ఎవరు, ఒక నోటుబుక్కులో రాయండి. పేర్లు, తేదీలు, అర్జీ నంబర్లు. మొదటి కాపీ ఎమ్మార్వోకు, రెండోది ఎమ్మెల్యేకు, మూడోది రాష్ట్రపతి భవన్‌కు రిజిస్టర్ పోస్టులో. రసీదు దాచిపెట్టండి.

మా కాలనీ నోటుబుక్కులో మొదటి పేరు మా అవ్వదే. నిన్న రాత్రే రాసేశా. ఆమె వేలిముద్ర వేసి, "పోస్టులో వేసేటప్పుడు నన్నూ తీసుకపో నాయినా" అంది.

జల్, జంగల్, జమీన్ మనది. జోహార్.

పుంగనూరు, 17 జూలై 2022